దేవుడి పద్దు

దేవుడి మీద ఆదాయపు పన్ను వేయవచ్చా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1969లోనే జవాబు చెప్పింది. కలకత్తా నస్కర్ కుటుంబం కేసులో, దేవతా విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తే కాబట్టి దాని ఆస్తి మీద వచ్చే రాబడికి పన్ను వేయవచ్చని తేల్చింది. దేవుడి సొమ్ముకు పన్నేమిటని నొచ్చుకునేవాళ్లు ముందుగా గమనించాల్సింది ఇదే. మినహాయింపు దేవుడి జన్మహక్కు కాదు, పార్లమెంటు ఇచ్చిన రాయితీ. రాయితీ అన్నాక ఎవరికి, ఎందుకు, ఎవరి ఖర్చు మీద అని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతివాడికీ ఉంటుంది.

1961 ఆదాయపు పన్ను చట్టం దాతృత్వాన్నీ మతాన్నీ ఒకే గాటన కట్టింది. నమోదైన ట్రస్టు ఏ పనికైతే పుట్టిందో ఆ పనికి రాబడిలో 85 శాతం ఖర్చు పెడితే చాలు, పన్ను ఉండదు. ఆసుపత్రికి ఈ వెసులుబాటు ఎందుకో అర్థమవుతుంది: సర్కారు చేయాల్సిన పనిని అది చేస్తోంది, అక్కడికి వెళ్లే రోగిని ఏ మతమని అడగరు. గోపురానికి బంగారు తాపడం, రథోత్సవం, సువార్త సభ అలాంటివి కావు. అవి నమ్మేవాళ్ల అవసరాలు, వాళ్లే భరించుకోవాలి. ఒకరి దగ్గర వసూలు కాని పన్ను గాలిలో కలిసిపోదు, మిగిలినవాళ్ల మీద పడుతుంది. సబ్బు బిళ్ల మీద జీఎస్టీ కట్టే నాస్తికుడు అలా గుడికీ మసీదుకూ చర్చికీ తెలియకుండానే చందా ఇస్తున్నాడు. తిరుమల తిరుపతి దేవస్థానం 2025-26 బడ్జెట్ 5,258 కోట్ల రూపాయలు దాటింది. అందులో హుండీ అంచనా 1,729 కోట్లయితే, డిపాజిట్ల మీద వడ్డీయే 1,310 కోట్లు. ఆ వడ్డీకి మినహాయింపు ఉంది, రిటైరైన పంతులుగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మాత్రం ఆయన ఆదాయంలో కలిసి పన్ను లెక్కకెక్కుతుంది. దేవస్థానం ఆసుపత్రులు, కాలేజీలు, అన్నదానం నడుపుతున్న మాట నిజమే. వాటిని దాతృత్వంగానే లెక్కగట్టి మినహాయించండి, ఎవరూ కాదనరు. ఆ సేవను చూపించి ఉత్సవాల పద్దునూ దాని చాటున దాటించడమే పేచీ.

హుండీ సంగతి ఇంకా చిత్రం. నల్లధనానికి అడ్డుకట్ట వేయడానికని 2006లో ఒక నిబంధన తెచ్చారు. పేరూ ఊరూ లేని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను. అనాథాశ్రమం నడిపే ట్రస్టుకు ఇది వర్తిస్తుంది. పూర్తిగా మత సంస్థ అయితే వర్తించదు! మతమూ సేవా కలిపి నడిపే సంస్థకూ చాలావరకు వర్తించదు. అంటే ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన డబ్బు పిల్లల అన్నానికి వెళ్తే అనుమానించాలి, హుండీలో పడితే పవిత్రమైపోతుంది. భక్తులు పేరు చెప్పుకోరు, అది ఆచారం అంటారు. లంచగొండికీ అదే ఆచారం అనుకూలం.

ఇక అభ్యంతరాలు. భక్తుడు పన్ను కట్టాకే కదా కానుక వేశాడు, మళ్లీ పన్నేమిటి అంటారు. అదే భక్తుడు అదే డబ్బుతో కిరాణా కొట్లో బియ్యం కొంటే కొట్టువాడి లాభం మీద పన్ను పడదా? పన్ను వేస్తే మతస్వేచ్ఛ పోతుందనేది మరో భయం. పత్రికలూ ఇలాగే కోర్టుకు వెళ్లాయి. భావప్రకటన స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన పన్నుల నుంచి మినహాయింపు రాదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. మాట స్వేచ్ఛ పన్ను కట్టి బతకగలిగితే పూజ స్వేచ్ఛ బతకలేదా? రాజ్యాంగం 25వ అధికరణే మతంతో ముడిపడ్డ ఆర్థిక కార్యకలాపాలను నియంత్రించే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చింది. ఊరి చివర రామాలయం ఏమవుతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. మామూలు పౌరుడికి ఉన్నట్టే దానికీ ఆదాయ పరిమితి పెట్టవచ్చు. నిజానికి అలాంటి గుళ్లకు ధూప దీప నైవేద్యాల పేరుతో, ఇమాములకూ పాస్టర్లకూ గౌరవ వేతనాల పేరుతో ఖజానాయే ఎదురు డబ్బిస్తోంది. ఇచ్చేటప్పుడు లౌకికవాదం అడ్డు రాలేదు, తీసుకునేటప్పుడే వస్తుంది.

ఒక అభ్యంతరంలో మాత్రం పస ఉంది. హిందూ ఆలయాలు దేవాదాయ శాఖకు వాటా చెల్లిస్తున్నాయి, చర్చిలకు అలాంటి శాఖే లేదు అంటారు. ఆ తేడా అన్యాయమే. అయితే దేవాదాయ శాఖ తీసుకునేది ఆలయాల నిర్వహణ కోసం, వక్ఫ్ బోర్డు వాటా కూడా ఆ బోర్డుకే. రెండూ సాధారణ ఖజానాకు చేరే పన్నులు కావు. కనుక ఈ వాదన నిజానికి అన్ని మతాలకూ ఒకే పన్ను నియమం కావాలనడానికే పనికొస్తుంది.

ఆ దిశగా సర్కారుకు ఎంత ధైర్యం ఉందో ఇటీవలే చూశాం. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను బిల్లు పూర్తి మత సంస్థల జోలికి పోలేదు. మతమూ సేవా కలిపి నడిపే ట్రస్టులకు అజ్ఞాత విరాళాల మీదున్న మినహాయింపును మాత్రం తీసేయబోయింది. సెలెక్ట్ కమిటీ వద్దంది. ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఆ మినహాయింపు తిరిగొచ్చి కూర్చుంది.