మన యాపచెట్టును నరకొద్దు

లాల్‌దర్వాజాలో చదువుకున్న వాళ్లకు ఆషాఢం అనగానే సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు గుర్తుకొస్తాయి. బోనం కుండకు యాప మండ, పోతరాజు నడుముకు యాప మండ. 1908లో మూసీకి వరద వచ్చినప్పటి నుండి ఇక్కడి బోనాలకు ఇంత పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పండుగకు మండలిచ్చే చెట్టే మన హాస్టల్ వాకిట్లో ఉంది. దాన్ని కొట్టేసి సైకిళ్ల షెడ్డు వేద్దామన్న మాట ఈ మధ్య మా చెవిన పడింది. అందుకే ఈ నాలుగు మాటలు.

చెట్టు ఎండిపోతోంది, కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే ఎవరిది బాధ్యత అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. 2021లో తెలంగాణ అంతటా యాపచెట్లు కాలినట్టు ఎండిపోవడం అందరం చూశాం. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. వానాకాలంలో పాకుతుంది, కొమ్మల చివర్ల నుండి కిందికి దిగుతుంది. అయితే కొమ్మలు ఎండినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. మన చెట్టు ఆ తర్వాతి ఎండాకాలంలో మళ్లీ చిగురు వేసింది. కాబట్టి ఎండిన కొమ్మలను కోసి కాల్చేయాలి, మొదలును మాత్రం ఉంచాలి. ప్రమాదమూ తప్పుతుంది, చెట్టూ మిగులుతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. శిలీంధ్రాల మీద యాపనూనె వాడే పద్ధతి మాదేనంటూ ఒక అమెరికా కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో యూరప్‌లో పేటెంటు తెచ్చుకున్నాయి. ఇది మా రైతులకు ముందునుంచీ తెలిసిన విద్యేనని మన దేశం వాళ్లు పోరాడితే 2000లో ఆ పేటెంటు రద్దయింది. 2005లో వాళ్ల అప్పీలు కూడా వీగిపోయింది. శిలీంధ్రాన్ని అణిచే నూనె ఇచ్చే చెట్టుకే శిలీంధ్రం పట్టింది. పరాయివాళ్ల చేతిలో పడకుండా కాపాడుకున్న చెట్టును మనమే గొడ్డలికి అప్పగిస్తామా?

యాప, మహాగని రెండూ మీలియేసి అనే ఒకే కుటుంబం చెట్లు. మహాగని కట్టెతో దొరల ఇళ్లలో బల్లలు చేస్తారు. దాని చుట్టాన్ని మనం పొద్దున్నే పళ్లకు నములుతాం, దాని నీడన పరీక్షలకు చదువుతాం. ఇల్లు విడిచి వచ్చిన మొదటి రోజు ట్రంకు పెట్టె దించుకుని మనలో ఎందరం ఆ చెట్టు కిందే కూర్చొని ఏడ్వలేదు?

తప్పు మన వైపూ ఉంది. బోనాలప్పుడు రెండు రెబ్బలు చాలిన చోట కొమ్మకు కొమ్మే విరుస్తున్నాం. ఇకనైనా రెబ్బలే తుంచుదాం. షెడ్డు వెనక గోడ వైపు వేసుకోవచ్చు. పూర్వ విద్యార్థులైన అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వార్డెన్ సారుతో ఒక్క మాట చెప్పాలని మా విన్నపం. షెడ్డు నెల రోజుల్లో లేస్తుంది, ఇంత నీడ రావాలంటే మాత్రం మన తర్వాత వచ్చే తమ్ముళ్లు ఎన్నో ఏళ్లు ఎదురుచూడాలి.