పండక్కొచ్చిన అల్లుడి కళ్ళు

కోనసీమలో మామిడి పూతకొచ్చేదీ, అల్లుళ్ళు దిగేదీ ఒకేసారి. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు కింద నిలబడి అల్లుడు "అబ్బో, ఎంత పూతండీ!" అంటాడు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థం చూసుకుని, మర్నాడు బస్సెక్కుతాడు. పది రోజులకి పూగుత్తులు విభూతి పూసినట్టు తెల్లబడతాయి, గోరు తగిలితే రాలతాయి. "ఆయ్, దిష్టేనండి!" అంటుంది అత్తగారు. సాయంత్రానికి కొమ్మకి పాత చెప్పు వేలాడుతుంది.

అల్లుడి నేరమల్లా ఆ వారంలో రావడమే. అది బూడిద తెగులు. పగటి వెచ్చదనం, రాత్రి చలి, పొద్దుటి మంచు దానికి పండగ భోజనం. పైగా గోదావరి పాయల మధ్య, కొబ్బరి నీడలో, మన పెరళ్ళకి చెమ్మ ఓ పట్టాన ఆరదు. ఈ బూజు మొలవడానికి ఆకు తడవనక్కర్లేదు, గాల్లో తేమ చాలు. ఆ గాలే దాన్ని పక్క చెట్టుకి మోస్తుంది. అందుకే ఎవరి కంటా పడని దొడ్డివెనక చెట్టూ మాడుతుంది, చెప్పు కట్టిందీ మాడుతుంది. అదేమంటే, "కట్టేలోపే తగిలేసిందండి" అంటారు.

మచ్చ తెగులు ఇంకా గడుసుది. దానికి వాన కావాలి. పూత మీదో పిందె మీదో అకాల వాన పడి తడి ఆరకపోతే తొక్కలోకి దూరుతుంది. కాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ అలికిడి లేకుండా పడుకుంటుంది. గడ్డిలో మాగేశాక నల్లమచ్చై లేస్తుంది. నింద మాత్రం నిన్న గంపలోకి తొంగిచూసిన పక్కింటావిడకి!

ఇక తేనెమంచు. పేరే మోసం. అది ఆకాశం నుంచి కురుస్తుందని మా నాయనమ్మ నమ్మేది. నల్లబడ్డ ఆకుని బొటనవేలితో రుద్దండి, మసి ఊడి కింద పచ్చటి ఆకు కనిపిస్తుంది. రసం పీల్చే పురుగులు విసర్జించిన తీపి జిగురే తేనెమంచు, ఆ మసి దాని మీద పెరిగిన బూజు. పురుగుని వదిలేసి మసికి మందు కొట్టడమూ నా లెక్కలో దిష్టి తీయడమే.

కాకినాడ పీఆర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ, నాస్తికుడన్న కారణంగా 1933లో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, దయ్యాల కొంపన్న ఇంట్లో కాపురం ఉండి చూశారు. దిష్టిని పరీక్షించడానికి మనకంత సాహసం అక్కర్లేదు, రెండు మామిడి చెట్లు చాలు. ఒకదానికి చెప్పు కట్టాలి. రెండోదానికి పూమొగ్గ కనిపించగానే, లీటరు నీళ్ళకి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ ముదరకముందే కొట్టాలి.

మా పెద్దమ్మ ఈ పందేనికి ఒప్పుకుంది. తీరా వెళ్ళి చూస్తే, మందు కొట్టిన చెట్టుకీ చెప్పు వేలాడుతోంది.