పరీక్ష లేని ఆయుర్దాయము

ఏ యూరి బజారున కేగినను నేడు పదిరకముల ఎల్.ఇ.డి. దీపములు అమ్మకమున కున్నవి. అట్టపెట్టెపై "25,000 గంటలు" అని పెద్ద యక్షరములతో అచ్చొత్తియుండును. కొన్నిటిపై 50,000 అనియు కలదు. సంవత్సరమునకు 8,760 గంటలు. రేయింబవళ్లు ఆర్పక వెలిగించినను 25,000 గంటలు నిండుటకు రెండు సంవత్సరముల పది మాసములు పట్టును. నిరుడు రూపొంది యీయేడు అంగడి కెక్కిన దీపము అంతకాలము వెలుగుట నెవరు చూచిరి? ఎవరును చూడలేదు. చూడనిదానిని చూచినట్లు వ్రాసి యమ్ముచున్నారు. ఈ సంఖ్య యెచ్చటినుండి వచ్చినదని యడుగు హక్కు కొనువానికి కలదనియు, చెప్పు బాధ్యత అమ్మువానిపై నున్నదనియు మేము వాదించుచున్నాము.

ఇది మా కల్పన గాదు. తగిన పరీక్ష ఆధారముగా లేక వస్తువుయొక్క ఆయుష్షునకు పూచీ యిచ్చుట అక్రమ వ్యాపార పద్ధతి యని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున స్పష్టముగ నున్నది. పరీక్షించితి మని వర్తకుడు చెప్పుకొన్నచో దానిని రుజువుచేయు భారమును ఆతనిదే. శాసనకర్తలు "తగిన పరీక్ష" యనిరి గాని, తగినదనగా నేమో విడమరచి చెప్పరైరి. ఆ సందున దూరి యెందఱో తప్పించుకొనుచున్నారు. అయితే శాసనము చెప్పని దానిని శాస్త్రము చెప్పియే యున్నది.

కుండ కొనువారు వ్రేలితో తట్టి చూతురు. పగులున్నచో ధ్వనియే చెప్పును. అది నేటి గుణమును దెలుపును గాని రేపటి మన్నికను దెలుపదు. మన్నిక తెలియవలెనన్న వస్తువును వాడుచు, అది చెడువరకు కనిపెట్టియుండవలెను. పోనీ, ఒక్కదానిని కనిపెట్టిన చాలునా? అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినచో తెలియును. ఏలయన మెతుకులన్నియు ఒక్క యెసటిలో, ఒక్క మంటపై ఉడికినవి. దీపములట్లు కావు. ఒకే కర్మాగారమున ఒకే దినమున తయారైన నూఱింటిలో ఒకటి వారమునకే యారును, మరియొకటి పదేండ్లు వెలుగును. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ పట్టణపు అగ్నిమాపక కేంద్రమున 1901 నుండి వెలుగుచున్న తంతి దీప మొకటి కలదు. దానిని జూపి తంతి దీపముల కన్నిటికి నూఱేండ్ల యాయువనువాని నేమందుము?

కావున ఆయుష్షనునది గుంపునకు సంబంధించిన సంఖ్య. వస్తువులకును బాలారిష్టములు కలవు; అవి తయారీ లోపములవలన మొదటి దినములలోనే వచ్చును. అవి గడచినపిదప చాలకాలము చావులు తక్కువ, అవియు యాదృచ్ఛికములు. తుదకు అరుగుదలవలన వార్ధక్యము. స్వీడను దేశస్థుడగు వైబుల్ 1951లో విస్తరించి ప్రకటించిన గణితము ఈ మూడు దశలను లెక్కగట్టుటకు నేటికిని ఆధారము. వర్తకుడు చేయు మాయ యంతయు నడిమి దశను మాత్రమే చూపుటలో నున్నది. కంప్యూటరు డిస్కులకు "పది లక్షల గంటలు" అని వ్రాయుదురు. అనగా నూటపదునాలుగేండ్లు! మనుమల కాలమువరకు మన్నుననుకొన్నవాడు మోసపోయినట్లే. వేయి డిస్కులు ఎడతెగక నడచుచుండగా ఏడాదికి ఇంచుమించు తొమ్మిది చెడునని మాత్రమే దాని యర్థము. అదియు వార్ధక్యము రానంతవరకే. యువకులలో వేయింటికి ఏటేట ఒక్కడే మరణించుచున్నాడు గనుక మానవుని సగటు ఆయువు వేయేండ్లని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఎన్నింటిని పరీక్షించితిరి? ఇది మా మొదటి ప్రశ్న. ఇరువదిరెండు దీపములను నిర్ణీతకాలము వెలిగించి ఒక్కటియు ఆరకున్నచో, నూటికి తొంబదియైనను మన్నునని నూటికి తొంబది పాళ్ల నమ్మకముతో చెప్పవచ్చును. తొంబదితొమ్మిది మన్నునని అదే నమ్మకముతో చెప్పవలెనన్న 230 దీపములు కావలెను. ఐదింటిని వెలిగించినవాడు అరువదిమూడింటికి మించి పూచీ పడజాలడు.

మూడేండ్లు పరీక్షించుచు కూర్చున్నచో దీపము బజారున కెప్పుడు వచ్చునని వర్తకు లందురు. సమంజసమైన ప్రశ్నయే. వేడిమి పెంచి వస్తువును త్వరగ ముసలిదానిని చేసి చూచు మార్గము కలదు; దానిని మేము కాదనము. కాని దానికి హద్దు కలదు. అమెరికా దీపశాస్త్రజ్ఞుల సంఘము 2008లో ప్రకటించిన పద్ధతి ప్రకారము, లోపలి ఎల్.ఇ.డి. తునకలను కనీసము 6,000 గంటలు వెలిగించి చూడవలెను. 2011 నాటి నియమము ప్రకారము, ఇరువది తునకలను పరీక్షించినను, చూచిన కాలమునకు ఆరు రెట్లకు మించి చెప్పరాదు. 50,000 అని వ్రాసినవాడు 8,300 గంటలకు పైగా చూచియుండవలెను గదా! చూచెనా? పెట్టెపై లేదు. ఆయువనగా వెలుగు నూటికి డెబ్బదివంతులకు తగ్గువరకు గల కాలమనియు ఆ పెట్టెపై సామాన్యముగ నుండదు.

ఇంతకన్న విపరీత మొకటి కలదు. ఈ పరీక్ష తునకకు గాని దీపమునకు గాదు. తునకతోపాటు లోపల విద్యుత్తును మార్చు పలక, కెపాసిటరు, టంకములు నున్నవి. నూఱు భాగములలో ఏ యొక్కటి చెడినను దీప మారునట్లున్నచో, ఒక్కొక్కటి నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నమ్మదగినదైనను మొత్తము దీపమును నమ్మదగినది ముప్పదియేడు పాళ్లే! సామాన్యపు కెపాసిటరు 105 డిగ్రీల వేడిలో 2,000 గంటలు మన్నును. పది డిగ్రీలు తగ్గినకొలది ఆయువు రెట్టింపగునని ఇంజనీర్ల వాడుక లెక్క. 75 డిగ్రీల వద్ద 16,000. ఇచ్చట 25,000 ఎక్కడిది? పరీక్షాగృహమున చుట్టు గాలి 25 డిగ్రీలు. రెంటచింతలలో మే మాసమున, మూసిన గాజుగూటిలో వెలుగు దీపమునకు మరి యిరువది డిగ్రీలు హెచ్చినచో ఆ 16,000 కాస్తయు 4,000 అగును. విద్యుత్తు హెచ్చుతగ్గుల దెబ్బ వేరుగ నున్నది.

పరీక్షలు కష్టమనువారు చరిత్రను మరచిరి. 1924లో ఐరోపా, అమెరికా దీపవర్తకులు జెనీవాలో ఫీబస్ అను కూటమి కట్టి, తంతి దీపపు ఆయువు వేయి గంటలకు మించరాదని నియమించుకొనిరి. కర్మాగారములనుండి మాదిరులు తెప్పించి పరీక్షించి, ఎక్కువకాలము వెలిగించినవారికి జుల్మానా వేసిరి! ఆయువు తగ్గించినచో అదే విద్యుత్తుతో వెలుగు హెచ్చునను వాదము కొంత నిజమే. 1951లో బ్రిటిషు గుత్తవ్యాపార విచారణ సంఘమును దాని నొప్పుకొన్నది. కాని ఆ బేరము కొనువాని నడుగకయే జరిగెను. కొనువాని ఆయుష్షుపద్దు తగ్గించుటకు అంత శ్రద్ధగ సాగిన పరీక్ష, ఆతనికి నిజము చెప్పవలసివచ్చినప్పుడు అసాధ్యమగునా?

ప్రభుత్వము చేసిన దేమి? ఎల్.ఇ.డి. దీపములకు నిర్బంధించిన నమోదు భద్రతకు సంబంధించినది. చేతికి షాకు కొట్టకుండుటకు, ఇల్లు తగులబడకుండుటకు. అది మంచిదే, కాని ఆయువునకు పూచీ కాదు. పెద్దమొత్తమున కొను సంస్థలు టెండరులోనే పరీక్షాపత్రముల నడిగి పుచ్చుకొనుచున్నవి. అంగడిలో ఒక్క దీపము కొను గుమాస్తాకు, బడిపంతులుకు ఆ పత్రము కనబడదు. ఎన్ని దీపములు, ఎన్ని గంటలు, ఎంత వేడిలో వెలిగించిరి, ఎన్ని యారినవి యని పెట్టెపై అచ్చొత్తవలెనని భారత ప్రమాణముల బ్యూరో వెంటనే నియమము చేయవలెను. చోటు చాలదందురేమో! పెట్టెకు నాలుగు ప్రక్కల రంగుల బొమ్మలకు చోటు చాలుచునే యున్నది.