ఊరూరి చందాలతో ఒక సినిమా

మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం పేరెత్తితే అతని సినిమాల కన్నా ముందు అతని కథలే బయటికొస్తాయి. మాసిన గడ్డం, తాగుడు, ఏ రాత్రి ఎవరింట తేలతాడో తెలియని తిరుగుడు, 1987 మేలో కోళికోడ్‌లో మేడ మీంచి పడి చనిపోవడం. తీసినవి నాలుగే సినిమాలు. వాటిలో రెండు చూసిన మామూలు అభిమానిని నేను, సినిమా పండితుణ్ణి కాను. కానీ ఆ రెండూ చూశాక, ఆ కథల చాటున పడిపోయిన పనిమంతుడి గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

1986 నాటి 'అమ్మ అరియాన్'కు పెట్టుబడి పెట్టిన షావుకారు లేడు. జాన్, అతని మిత్రులు కలిసి ఒడెస్సా అనే బృందం కట్టారు. ఊరూరా తిరిగి చాప్లిన్ 'ది కిడ్' లాంటి సినిమాలు వేసి చూపించారు, చూసిన జనాన్ని చందా అడిగారు. ఎవరికి తోచింది వాళ్ళిచ్చారు. దీన్ని పిచ్చి అనుకుంటే పొరపాటు. ఒక్కడే డబ్బు పెడితే కథ మార్చమని అడిగే హక్కు అతనికొస్తుంది. ఊళ్ళన్నీ కలిసి ఇచ్చిన చిల్లర అలా అడగదు. జాన్‌కు ఆ లెక్క బాగా తెలుసు.

కథ చిన్నది. ఢిల్లీకి బయల్దేరిన పురుషన్‌కు దారిలో ఒక యువకుడి శవం కనిపిస్తుంది. ఎక్కడో చూసిన ముఖం. ఆరా తీస్తే తబలా వాయించే హరి అని తేలుతుంది. తల్లికి కబురు చేరవేయాలి. వయనాడ్ కొండల నుంచి కొచ్చి దాకా, హరిని ఎరిగిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలుస్తారు. దారి పొడుగునా గడపల్లో తల్లులు. ఛాయాగ్రాహకుడు వేణు నలుపు తెలుపు కెమెరా వాళ్ళ ముఖాల దగ్గర తొందరపడదు. మధ్యమధ్య కేరళలో జరిగిన అసలు పోరాటాలు వచ్చి చేరతాయి. అక్కడక్కడ కథ పట్టు జారుతుంది, నిజమే. కానీ గుంపు పెరిగేకొద్దీ ఆ ఒక్క చావు ఎంతమంది ఇళ్ళ చావో మనకు తెలిసొస్తుంది. బిగించి, నున్నగా చేసి ఉంటే ఈ బరువు వచ్చేది కాదని నా నమ్మకం.

తమిళంలో తీసిన 'అగ్రహారత్తిల్ కళుదై' (1977) ఇంకో రకం సాహసం. తల్లిని పోగొట్టుకున్న గాడిదపిల్లను ప్రొఫెసర్ నారాయణస్వామి సాకుతాడు, ఊళ్ళోని అగ్రహారంలో వదులుతాడు. మాటలు రాని ఉమ దాన్ని చూసుకుంటుంది. ఊళ్ళో ఏ చెడు జరిగినా దాని నెత్తినే పడుతుంది. చివరికి చంపేస్తారు. ఆ తర్వాత దాని మహిమలు చెప్పుకుని, గుడి కడదామంటారు! ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చినా, దూరదర్శన్‌లో వేయబోతే ఆందోళనలకు జడిసి ఆపేశారు.

ఆ ప్రొఫెసర్ వేషం వేసింది సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్, మన చిత్తూరులో పుట్టినవాడు. ఫిల్మ్ సొసైటీ మిత్రులకు నా విన్నపం ఒకటుంది. తెలుగు సబ్‌టైటిళ్ళు రాయించి, ఆ సినిమాను ముందు చిత్తూరులోనే వేయండి. ఖర్చు ఒడెస్సా పద్ధతిలోనే పోగేద్దాం. మొదటి చందా నాది.