నాజూకు వెనుక నాలుగు మిల్లీమీటర్లు

కిందటి నెల ఇదే పేజీలో ఒక హీరోయిన్ గురించి 'అమ్మడు బాగా బొద్దయింది సుమా!' అని రాశాను. రాసి మరచిపోయాను కూడా. మొన్న చిన్న చిన్న వేషాలేసే ఒక అమ్మాయి ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుని మరీ నా దగ్గరకొచ్చింది.

"అన్నయ్యా, అంత పెద్ద తారనే ఇలా రాస్తే ఇక మా గతేమిటి? లైపోసక్షన్ చేయించుకుందామనుకుంటున్నా. డాక్టరు దగ్గరకు తోడు రావూ?" అంది. కాదనడానికి నోరు పెగల్లేదు.

హైదరాబాదులో ఆ ప్లాస్టిక్ సర్జన్ గారికి ఓపిక ఎక్కువ, పాత సినిమాల పిచ్చి అంతకన్నా ఎక్కువ! "కెమెరామన్ షాటుని బట్టి లెన్సు మారుస్తాడు కదా, మేమూ అంతే" అంటూ ఒక స్టీలు ట్రే ముందుకు జరిపారు. అందులో సన్నటి బోలు గొట్టాలు వరసగా ఉన్నాయి. వాటిని కాన్యులాలంటారట.

ఒక్కటి చాలదా అన్నాను. చాలదట! పొట్ట, తొడల్లో లోతుగా ఉన్న కొవ్వుకి నాలుగు మిల్లీమీటర్ల గొట్టం. గడ్డం కిందైతే రెండు, మూడు. లావు గొట్టంతో పని త్వరగా అవుతుంది గానీ, చర్మం మీద గుంటలు పడే ప్రమాదం ఎక్కువ. సన్నదానితో నునుపు వస్తుంది, ఓపిక కావాలి. మొన మొద్దుగా, రంధ్రాలు పక్కన ఉండాలి. మొద్దు మొన రక్తనాళాల్ని, నరాల్ని చాలావరకు పక్కకు నెట్టుకుంటూ పోతుంది. పదునైన మొన తెగ్గోస్తుంది.

ఈ తేడా తెలియడానికి ఒక నర్తకి కాలు పోవలసి వచ్చింది. 1920లలో పారిస్‌లో డుజారియే అనే సర్జన్ ఆమె కాలి కొవ్వుని గీకుడు పరికరంతో తీయబోతే కాలు కుళ్ళిపోయింది, చివరికి తీసేశారు. 1970లలో రోమ్‌లో ఫిషర్ తండ్రీకొడుకులు బోలు పరికరం తయారుచేశారు. 1977లో పారిస్‌లోనే ఇలూజ్ అనే డాక్టరు మొద్దు మొన గొట్టంతో కొవ్వు పీల్చే పద్ధతి మొదలుపెట్టాడు. అది కూడా ఎవరికనుకున్నారు? వీపు మీద కొవ్వు గడ్డ ఉన్న ఒక నటికేనట! 1987లో అమెరికా డాక్టరు క్లైన్ ప్రకటించిన పద్ధతిలో ముందుగా మత్తుమందు, రక్తనాళాల్ని కుంచింపజేసే మందు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. దాంతో రక్తం పోవడం బాగా తగ్గింది. ఆ సెలైన్‌కి వేరే సన్న గొట్టం ఉంటుంది.

"పైన తళతళలాడితే సరిపోదండీ. లోపల బ్రష్షుతో తోమి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. బోలు గొట్టం లోపల మురికి కంటికి కనబడదు" అన్నారు డాక్టరుగారు.

"మరి నాకే సైజు సరిపోతుంది సార్?" అని అడిగిందా పిల్ల.

నర్సును పక్కన ఉంచుకుని పరీక్ష చేసి, "నీకు సరిపోయే గొట్టం నా దగ్గర లేదమ్మా! ఇది బరువు తగ్గించే వైద్యం కాదు. ఒకేచోట మొండిగా పేరుకున్న కొవ్వుకే ఇది. నీకది లేదు" అన్నారు.

బయటికొచ్చాక, "ఇంకోచోట అరగంటలో చేసేస్తామన్నారు అన్నయ్యా" అంది మెల్లగా. చేసేది క్వాలిఫైడ్ సర్జనేనా, మత్తు డాక్టరు ఉంటారా, గొట్టాలు ఎలా శుభ్రం చేస్తారు, ఊపిరందకపోతే ఎక్కడికి తీసుకెళ్తారు - ఈ నాలుగూ అడక్కుండా సంతకం పెట్టొద్దని ఒట్టేయించుకున్నాను.

2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క బరువు పెరిగితే చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. వేషం కోసం కాకుండా పెరిగినవాళ్ళని మాత్రం వెక్కిరిస్తాను!

ఆ కాగితం ముక్కని ఆ పిల్ల మళ్ళీ పర్సులోనే పెట్టుకుంది. డాక్టరుగారి గొట్టానికి మొద్దు మొన ఉంది, నా కలానికే లేకపోయింది. ఆ హీరోయిన్‌కి ఈ పేజీలోనే క్షమాపణలు చెప్పుకుంటున్నాను.

వచ్చే వారం వేరే కబుర్లతో కలుద్దాం!