పలక మీద తప్పెట

పోయిన ఏడాది మా కాలేజీ ఫెస్ట్‌లో తప్పెట మోగించింది నేనే. మోగించడమంటే ఇంకేం లేదు, ట్యాబ్ తెర మీద పదహారు చదరాలు ఉంటే వాటి మీద రెండు వేళ్లతో కొట్టా. ఒక్కో చదరానికి ఒక్కో శబ్దం. కల్చరల్ కమిటీ లెక్క చాలా సింపుల్. మైదుకూరు వైపు మా ఊరి నుంచి చెక్క భజన వాళ్లను, తప్పెట వాళ్లను పిలిపిస్తే వ్యాను, భోజనాలు, సంభావన. అదే థర్డ్ ఇయర్‌వాడొకడు ట్యాబ్ పట్టుకుని నిలబడితే ఖర్చు సున్నా. "ఫోక్ ఫీల్ వస్తే చాలు మామా" అన్నారు. నేనూ తలూపా. స్టేజీ ఎక్కే చాన్సు ఎవడు వదులుకుంటాడు?

కళ్లు చూపించుకునే పని మీద కర్నూలుకు వచ్చిన మా జేజినాయన ఆ సాయంత్రం నా ప్రోగ్రామ్ చూశాడు. ఆయన మా ఊరి భజనలో నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "బాగుండాది గానీ, తప్పెట కాచేదానికి మంట యాడ పెట్టినావురా?" అన్నాడు. తెలియని వాళ్లకు చెప్తున్నా, తప్పెట చర్మం వదులైతే గడ్డిమంటకు కాచి బిగువు తెస్తారు. నేను నవ్వాను. ఆయన ట్యాబ్ తిప్పి వెనక చెయ్యి పెట్టి చూశాడు. కాలిపోతోంది. "ఆఁ, కాగిందిలే" అని ఇచ్చేశాడు.

ఆ మాట నన్ను ఏడాదిగా వదల్లేదు. అందుకే ఈ వ్యాసం. ట్యాబ్‌తో సంగీతం చేయడం తప్పని నేను అనను. చేస్తూనే ఉన్నా, మానను కూడా. వాయించే మనిషిని పిలవకుండా ఉండడానికి దాన్ని సాకుగా వాడుకోవడమే నాకు నచ్చనిది. ఇంజనీరింగ్ లెక్కలో చూసినా అది ట్యాబ్‌ను తప్పు పనికి పెట్టడమే.

ముందు "బటన్లు నొక్కితే సంగీతమా" అనే వాళ్ల సంగతి. వాళ్లకు హార్మోనియం కథ గుర్తు చేయాలి. అది యూరప్ నుంచి వచ్చిన పెట్టె. గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని స్టూడియోల్లోంచి గెంటేసింది. 1971 దాకా మళ్లీ రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన సీమలో భజన మందిరాలు, పద్యనాటకాలు దాన్ని వదిలిపెట్టాయా? ఈరోజు హార్మోనియం లేని భజన ఎట్లుంటుందో నేను ఊహించలేను. ఎఫెక్ట్స్ సంగతికొస్తే మనకు పాఠం చెప్పే వాళ్లే లేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించారు. అక్కడ మొదలైన సురభి నాటకాలకు అసలు పేరు తెచ్చిందే స్టేజీ మీది మాయలు. మనుషులు గాల్లో తేలతారు, మంటలు లేస్తాయి. అదంతా తెర వెనక తాళ్లు లాగే వాళ్ల పనితనం. అయితే ఒకటి గమనించండి. తాడు లాగేవాడు ఉన్నాడని ఘటోత్కచుడి వేషగాణ్ణి ఎవరూ మాన్పించలేదు.

పైగా ఈ అద్దం పలకకు హార్మోనియంకు లేని గుణం ఒకటుంది. మెట్ల మధ్య గోడలు లేవు. వేలు జారితే స్వరమూ జారుతుంది. మహేశ్ రాఘవన్ ఐప్యాడ్ మీద జియోష్రెడ్ అనే యాప్‌తో కర్ణాటక సంగీతం వాయించే వీడియోలు చూడండి, గమకాలు వినిపిస్తాయి. మన కడప పెద్ద దర్గాకు వచ్చిపోయే రెహమాన్ కూడా, 2009 నాటి 'ఢిల్లీ 6'లో 'రెహనా తూ' పాటకు కంటిన్యుయమ్ అనే మెట్లు లేని పరికరం వాయించారు. అది ట్యాబ్ కాదు గానీ ఆలోచన అదే. వాళ్లిద్దరూ వేళ్లు జరుపుతున్నారు కాబట్టి సంగీతం కాదు అనగలమా? స్వరజ్ఞానం లేనివాడు అదే అద్దం మీద వేలు జరిపితే పిల్లి అరిచినట్టుంటుంది. నేను ట్రై చేశా. హాస్టల్ సాక్షి.

ఇక నేను చేసిన తప్పు దగ్గరికి వస్తా. ట్యాబ్ రెండు పనులు చేయగలదు. ఒకటి, తనే వాయిద్యం కావడం. రెండు, ల్యాప్‌టాప్‌లో నడిచే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు రిమోట్ కావడం. మనలాంటి వాళ్ల చేతిలో ఉండే సెకండ్ హ్యాండ్ ఆండ్రాయిడ్ ట్యాబ్ మొదటి పనికి అంతంతమాత్రం, రెండో పనికి మాత్రం బంగారం. ఎందుకో లెక్క కట్టండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం, మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. అది పర్వాలేదు. 48,000 శాంపిల్ రేట్‌లో 256 శాంపిళ్ల బఫర్ పెడితే 5.3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21 దాటుతుంది. దాని మీద టచ్ ఆలస్యం, ఆడియో సిస్టమ్ ఆలస్యం. బ్లూటూత్ స్పీకర్ కూడా పెట్టారా, ఇక అంతే, మీరు కొట్టిన దెబ్బ మీకే బాకీ తీర్చినట్టు తర్వాతెప్పుడో వస్తుంది. తప్పెట దెబ్బ 50 మిల్లీసెకన్లు వెనకబడితే తాళం చచ్చిపోతుంది. అదే రీవర్బ్ నాబ్ 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా తిరిగితే? దేవుడికి కూడా తెలియదు.

రిమోట్‌గా వాడినప్పుడు ట్యాబ్ నుంచి శబ్దం పోదు, ఆజ్ఞ పోతుంది. 1983 నుంచీ ఉన్న మిడి పద్ధతి అదే. ఏ నాబ్‌ను ఎంతవరకు తిప్పాలన్నది మూడు బైట్లలో సరిపోతుంది, విలువ 0 నుంచి 127 వరకు. పాత మిడి కేబుల్ వేగం 31,250 బాడ్, మన ఈసీఈ వాళ్లు ల్యాబ్‌లో చేసే సీరియల్ కమ్యూనికేషనే. నెట్‌వర్క్ మీద పంపాలంటే ఓఎస్‌సీ అని ఇంకోటి ఉంది, టచ్‌ఓఎస్‌సీ లాంటి యాప్‌లు దాన్ని వాడతాయి. అవేవీ వద్దనుకుంటే, రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కు బ్రౌజర్‌లోనే తెరుచుకునే రిమోట్ పేజీ ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ చాలు, డేటా కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ను స్పీకర్ల దగ్గర వదిలేసి, మనం జనం మధ్య కూర్చుని విని సరిచేయొచ్చు. పెద్ద మిక్సర్ కొనలేని వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ శ్రీరామనవమికి ఊర్లో దీన్ని పెట్టి చూశా. హార్మోనియానికి ఒక మైకు, చెక్కలకు ఒక మైకు, ల్యాప్‌టాప్‌లో రీపర్, నా చేతిలో ట్యాబ్. పెద్ద సౌండ్ ఇంజనీర్‌లా కూర్చున్నా. మొదటి పాటకే పరువు పోయింది. రాతి మంటపానికి సొంత మోత ఉంటుందన్న సంగతి మర్చిపోయి పైన రీవర్బ్ దట్టించా. చెక్కల గజ్జెలన్నీ కలిసిపోయి రేకుల షెడ్డు మీద వడగళ్లు పడినట్టయింది. దాన్ని తగ్గించాక డిలే పెట్టా, నిమిషానికి 90 దెబ్బల లెక్కన. కానీ భజన మెట్రోనోమ్ కాదు కదా. రెండో చరణానికే నడక పెరిగింది. చెక్కలు ముందుకు పోతాంటే నా డిలే 90 దగ్గరే కూర్చుంది. జేజినాయన పాట మధ్యలో ఆపి, "ఎనకనుంచి తప్పుడు తాళం కొట్టేవాడు ఎవుడురా?" అని అరిచాడు. అందరూ నా వైపు చూశారు.

ఆ రాత్రి డిలేకు ట్యాప్ టెంపో బటన్ పెట్టుకున్నా. బొటనవేలితో తాళం తడుతూ ఉంటే డిలే ఆ నడకనే పట్టుకుంటుంది. తీరా చూస్తే బొటనవేలికే తాళం రాదు! బృందంతో కలిసి నాలుగు సాయంత్రాలు చెక్కలు పట్టుకుని అడుగులు వేశా. మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు గానీ నడక ఎక్కడ పెరగబోతోందో ముందే తెలియలేదు. గురువు అడుగు మారడానికి కొంచెం ముందు భుజం కదులుతుంది. అది చూసి నేను తట్టాలి. ఏ మాన్యువల్‌లోనూ ఉండదది. ఐదో రోజు హార్మోనియం కింద సన్నగా శృతి నిలబెట్టి, పల్లవి చివర మాత్రం కాస్త డిలే వదిలా. ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ అరవలేదు కూడా. నాకది చాలు.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఇది మన ప్రాంతపు తలనొప్పి. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. కర్నూలు ఎండాకాలంలో 40 దాటడం వార్త కూడా కాదు. పందిరి కింద పగటి భజనలో నా ట్యాబ్ వెలుగు తగ్గించుకుని, చివరికి ఆఫ్ అయిపోయింది. వాయిస్తున్నది మనుషులు కాబట్టి పాట ఆగలేదు, ఎఫెక్ట్ మాత్రం పోయింది. పోయిన ఏడాది ఫెస్ట్‌లో అది ఆఫ్ అయి ఉంటే స్టేజీ మీద నేను, నా రెండు వేళ్లు మిగిలేవాళ్లం.

ఇంకో సంగతి, కాస్త చేదుగా ఉన్నా. నేను కొట్టిన ఆ పదహారు చదరాల్లో 'తప్పెట' అనే పేరే లేదు. 'ఎథ్నిక్ డ్రమ్' అని ఉంది. అది ఎవరి చేతి దెబ్బో, వాళ్లకు ఎంత ఇచ్చారో నాకు తెలియదు, నేనూ వెతకలేదు. మా ఊర్లో తప్పెట కొట్టే పెద్దాయనను చావుకు పిలుస్తారు, పెళ్లికి పిలుస్తారు, జాతరకు పిలుస్తారు. గుడి లోపలికి మాత్రం పిలవరు. నవమి రోజు కూడా ఆయన మంటపం బయటే నిలబడ్డాడు, ఆయన దగ్గరికి నేను మైకు కూడా లాగలేదు. కులాల గోల లేదని చెప్పుకునే మన కాలేజీ అయినా ఆయన్ను పేరు పెట్టి స్టేజీ మీదికి పిలవొచ్చు కదా. పిలవలేదు. ఆ చోటును నాకిచ్చింది, నేను తీసుకున్నా.

ఈసారి ఫెస్ట్‌కు కమిటీ ముందు నా ప్రపోజల్ ఇది. బృందాన్ని పిలుద్దాం, తప్పెట వాళ్లతో సహా, పోస్టర్‌లో అందరి పేర్లతో. సంభావన ముందే మాట్లాడుకుందాం. మైకులు, ల్యాప్‌టాప్, ట్యాబ్ నేను చూసుకుంటా, స్టేజీ కింద నీడలో కూర్చుని. వ్యాను ఖర్చుకు ఎల్ఈడీ తెర సైజు కొంచెం తగ్గిస్తే సరి. జూనియర్లలో ఎవరికైనా ట్యాబ్ పట్టుకోవాలని ఉంటే రండి, నేర్పిస్తా. ముందు చెక్కలు పట్టుకోవాలి, అదొక్కటే కండిషన్.

జేజినాయనకు ఫోన్ చేసి అడిగా. ఆయన తప్పెట పెద్దాయనను అడిగి చెప్తానన్నాడు. సాయంత్రం మళ్లీ చేస్తే, "వస్తాం గానీ, తప్పెటలు కాచుకునేదానికి స్టేజీ ఎనక రొంత ఎండుగడ్డి పెట్టిచ్చమంటాండాడు" అన్నాడు. క్యాంపస్‌లో మంట పెట్టాలని సెక్యూరిటీ వాళ్లకు ఎవరు చెప్తారో కమిటీయే తేల్చాలి.