క్రొత్త విద్యుత్ పొయ్యికి ముందు పాత తీగల పరీక్ష

మన సంఘ సభ్యుల యిండ్లలో విద్యుత్ పొయ్యిల వాడుక నానాటికి హెచ్చుచున్నది. గ్యాసు బండ సకాలమున అందనప్పుడు ఇండక్షన్ పొయ్యి యొకటి కొనవలెనను ఆలోచన గృహస్థులకు కలుగుట సహజము. పొగలేని వంట గృహిణుల కండ్లకును ఊపిరికిని మేలు గనుక ఈ మార్పును మేము ఆక్షేపింపము. అయితే పొయ్యిని ఇంటికి తెచ్చుటకు ముందే ఇంటిలోని తీగలను పరీక్ష చేయింపవలెననియు, ఆ పరీక్షకగు వ్యయమును పొయ్యి వెలలో భాగముగానే లెక్కింపవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

మోటారు సంగతి రైతులకు తెలియనిది కాదు. ఒక హార్సుపవరనగా 746 వాట్లు. అంగళ్లలో దొరకు ఇండక్షన్ పొయ్యిలలో పెక్కింటికి పూర్తి వేడిమిపై 2000 వాట్ల వరకు శక్తి కావలయును. అనగా అది రెండున్నర హార్సుపవరుకు మించిన మోటారుతో సమానము. 9 వాట్ల బల్బులు 220 ఒక్కమారు వెలిగించినంత భారము. 230 వోల్టుల సరఫరాపై అట్టి పొయ్యి సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును లాగును. బల్బులకును పంకాలకును అమర్చు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు మాత్రమే ఏర్పడినది. బావికడ మోటారుకు దీపపు తీగ తగిలించుటకు సాహసింపని రైతు, వంటయింట ఆ పనియే చేయుట వింత కాదా?

తీగలో ప్రవాహము రెట్టింపైన యెడల వేడిమి నాలుగు రెట్లగును. పిల్లకాలువలోనికి పెద్దకాలువ నీరు వదలిన గట్టు తెగును; అది కంటికి కనబడును. గోడలోపలి తీగ వేడెక్కుట కనబడదు. పైతొడుగు నాటికి నాడు పెళుసుబారును. అతుకులు వదులై నిప్పురవ్వలు లేచును. ధాన్యము నిలువయుండు ఇండ్లలో ఎలుకలు తీగల తొడుగును కొరుకుటయు కలదు. తాటాకు కప్పు క్రింద ఇట్టి తీగయుండిన ప్రమాద మెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఫ్యూజు ఉన్నది తీగను కాపాడుటకు. అది మాటిమాటికి పోవుచున్నదని లావు రాగితీగ చుట్టుట, మొరుగుచున్నదని కాపలా కుక్కను తరిమివేయుట వంటిది. ఫ్యూజు పోవుటయే తీగ చేయు మొర. స్విచ్చుబోర్డు చేతికి వెచ్చగా తగులుట, కాలిన వాసన వచ్చుట, పొయ్యి వేయగనే దీపములు మసకబారుట ఇట్టి హెచ్చరికలే. వీనిలో ఏది కనబడినను మెయిన్ ఆపి వైరుమానును పిలువవలెను.

పరీక్షలో చూడవలసిన వేవి? మొదట, పొయ్యిపై అచ్చువేసిన వాట్లెన్నియో చూడుడు. రెండవది, దానికి మీటరు బోర్డునుండి ప్రత్యేకమైన తీగ యుండవలెను. 2000 వాట్ల పొయ్యికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయు, 16 ఆంపియర్ల సాకెట్టును, తగిన ఎం.సి.బి.యు సాధారణముగా అమర్తురు. పొడిగింపు పెట్టెపై పొయ్యి నడుపరాదు. మూడవది, ఎర్తు. మూడు పుల్లల ప్లగ్గులో పెద్ద పుల్లను విరిచివేయుటయు, ఎర్తు తీగను న్యూట్రలుకు కలుపుటయు ప్రాణాంతకములు. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి వండు తల్లికి ఎర్తే రక్ష; దానికి తోడు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. యుండిన మరియు క్షేమము. నాలుగవది, బిల్లులోని కాంట్రాక్టెడ్ లోడు. 1 కిలోవాటు మాత్రమే యున్న ఇంట ఈ పొయ్యి యొక్కటే దానికి రెట్టింపగును గనుక, లోడు పెంపునకు విద్యుత్ సెక్షను కార్యాలయమున ముందుగా దరఖాస్తు చేయవలెను. సరఫరాను గూర్చిన ఫిర్యాదులకు 1912 సంఖ్య కలదు.

"ఇన్నాళ్లు ఈ తీగలకేమియు కాలేదు గదా" యని కొందరందురు. నిజమే, కాని ఇన్నాళ్లు వానిపై ఈ భారము లేదు. "వైరుమానుకు కూలి యెందుకు, మన కుర్రవాడే కలుపును" అని మరికొందరందురు. క్రొత్త తీగ వేయు పని లైసెన్సుగల కాంట్రాక్టరు ద్వారా, అర్హతపత్రము గలవాని పర్యవేక్షణలోనే జరుగవలెనని నిబంధన కలదు. ఆ నిబంధన ప్రజల ప్రాణరక్షణకై పుట్టినది.

అయినను పేద సభ్యునికి ఈ వ్యయము భారమేయని మే మెరుగుదుము. సంఘముల కర్తవ్య మిచ్చటనే కలదు. పొయ్యి కొనుటకు అప్పిచ్చు సంఘము తీగల మరమ్మతునకు కూడ చేర్చి ఇయ్యవలెను. పరీక్ష జరిగినట్లు వైరుమాను సంతకము చేసిన పత్రము చూచిన పిదపనే పైకము చెల్లింపవలెను. ఒక గ్రామమున పదిమంది సభ్యులు కలిసి ఒకే దినమున అర్హుడైన వైరుమానును పిలిపించుకొనిన తలకు పడు ఖర్చు తగ్గును. విత్తనములు, ఎరువులు కలిసి కొనుటకు అలవాటుపడిన మనకు ఇది క్రొత్త విద్య కాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, ప్రతి సంఘమును తీర్మానము చేయవలెనని కోరుచున్నాము. అంతవరకు పొయ్యి కొనదలచిన సభ్యులు అంగడికి పోవుటకు ముందు తమ ఇంటి మీటరు బోర్డు నొకమారు చూపించుకొందురు గాక.